శనివారపు సాయంకాలము: శ్రీరాంపూరు గృహమువారి కట్టుబాట్లు

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, మత్తయి 18:15–17, 2 కొరింథీయులకు 8:16–21

దురాశాపరులు కూడినచోట తగవు పుట్టిన ఎవరును ఆశ్చర్యపడరు. ఇతరుల మేలుకొరకు తమ యిల్లును, ఊరును, ఆదాయమును విడిచి వచ్చినవారి నడుమ తగవు పుట్టినప్పుడు మాత్రము చూచువారు విస్తుపోవుదురు. అందరును దైవభక్తులే, అందరును సేవాతత్పరులే, మరి ఈ మనస్పర్థలు ఎక్కడనుండి వచ్చెనని ప్రశ్నింతురు. కాని ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు కలదు. మంచివారు కూడుకొనినంతమాత్రమున మంచి సహవాసము దానంతటదే ఏర్పడునని తలంచుటయే ఆ పొరపాటు. ఇటుకలు గట్టివైనంతమాత్రమున గోడ నిలువదు. ఇటుకకును ఇటుకకును నడుమ సున్నము కావలెను.

నిజమునకు, సేవాభావము గలవారి సహవాసమునకు ఒక ప్రత్యేకమైన అపాయము కలదు. స్వలాభమునకై పోరాడువాడు మనస్సులో ఎక్కడనో సిగ్గుపడును. దేవుని పనికై పోరాడుచున్నానని నమ్మువాడు సిగ్గుపడడు, వెనుకకు తగ్గడు. తన ఉద్దేశము మంచిదని తనకు తెలియును గనుక, తన్ను ప్రశ్నించువాని ఉద్దేశము చెడ్డదని అతడు సులభముగా నమ్మును. అట్టివారి నడుమ లెక్క అడిగినవాడు అనుమానించినవాడగును. అలసితినని చెప్పినవాడు భక్తి తక్కువవాడగును. వేరొక ఉపాయము చెప్పినవాడు పనికి అడ్డుపడినవాడగును. కావున ఇట్టివారికి ప్రేమతోబాటు కట్టుబాట్లు కూడ అవసరము. యెరూషలేములోని ఆదిసంఘము ఈ అక్కరను ఎట్లు గుర్తించెనో, 1800వ సంవత్సరమున బెంగాలుదేశమందలి శ్రీరాంపూరులో ఒక చిన్న మిషను కుటుంబము దానిని ఎట్లు ఆచరించెనో, ఎచ్చట నిలిచెనో, ఎచ్చట తొట్రిల్లెనో ఈ పాఠములో పరిశీలింపబడుచున్నది.

1. యెరూషలేములోని సణుగుడు

ఆదిసంఘమువలె ఉదారముగా ఇచ్చిన సంఘము మరియొకటి లేదు. పొలములు గలవారు వాటినమ్మి వెలను అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. ఎవనికి అక్కర కలిగినదో వానికి పంచిపెట్టబడెను. అయినను ఆరవ అధ్యాయము ఆరంభములోనే ఒక సణుగుడు వినబడుచున్నది. గ్రీకుభాష మాట్లాడు యూదుల విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూచుచున్నారను ఫిర్యాదు అది. ఎవరును కావలెనని అన్యాయము చేసినట్లు వాక్యములో లేదు. శిష్యుల సంఖ్య పెరిగెను, పని పెరిగెను, పంచు ఏర్పాటు మాత్రము పాతదిగానే నిలిచెను. భాష వేరైనవారు, ఊరికి కొత్తవారు, అడుగుటకు మగదిక్కు లేనివారు పంపకములో మరుగునపడిరి.

అపొస్తలులు చేసిన పని గమనింపదగినది. సణిగినవారు ఎవరని వారు విచారింపలేదు. ఇంత ప్రేమగల సంఘములో ఫిర్యాదు చేయుట తగునా అని గద్దింపలేదు. తమ ఉద్దేశములు మంచివని వాదించుకొనలేదు. శిష్యుల సమూహమును పిలిచిరి. తాము చేయగలిగినదేదో, చేయలేనిదేదో స్పష్టముగా చెప్పిరి. మంచిపేరు గలిగిన ఏడుగురిని ఏర్పరచుకొనుడని సమూహమునకే అప్పగించిరి. ఏర్పడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా ఎవరి పక్షమునుండి ఫిర్యాదు వచ్చెనో ఆ పక్షమువారి చేతికే పంపకము అప్పగింపబడెనని తోచుచున్నది. ఫిర్యాదును ఆలకించినందున సంఘము చీలలేదు. పైగా దేవుని వాక్యము ప్రబలెనని ఏడవ వచనము తెలుపుచున్నది. ఉన్న ప్రేమకు తగిన ఏర్పాటును చేర్చుటయే అచ్చట జరిగిన పని.

2. ప్రేమ యుండెను, కట్టుబాటు లేకుండెను

1793 నవంబరు 11వ తేదీన విలియం కేరీ కలకత్తా చేరెను. అతనితో భార్య డొరతీ, ఆమె చెల్లెలు, నలుగురు కుమారులు, తోటి సేవకుడైన జాన్ థామస్ అను వైద్యుడు ఉండిరి. థామస్ ఇంతకుమునుపే బెంగాలులో నివసించి ఆ భాష నేర్చినవాడు. దయగల హృదయము, మండుచున్న ఆసక్తి గలవాడు. అయితే సొమ్ము నిలుపుకొను నేర్పు అతనికి లేకుండెను. అప్పులు అతనిని విడువకుండెను. ఖర్చులకై తెచ్చుకొనిన ఉమ్మడి సొమ్ము అతని చేతిలోనే యుండి త్వరలో వ్యయమైపోయెను. కేరీ కుటుంబము పరదేశములో చేతిలో చిల్లిగవ్వ లేక, ఊరువెంట ఊరు తిరుగవలసినదాయెను. పిమ్మట మదనాబాటి అను గ్రామమున నీలిమందు కర్మాగారములో పని దొరకినందున వారు గట్టెక్కిరి.

ఈ ఇద్దరిలో ఎవరును స్వార్థపరుడు కాడు. థామస్ మోసగాడు కాడు. కాని సొమ్ము ఎవరియొద్ద నుండవలెను, ఎవరి అనుమతితో ఖర్చు చేయవలెను, నెలకొకసారి లెక్క ఎవరికి చూపవలెను అను కట్టుబాటు ఏదియు వారి నడుమ లేకుండెను. ఒకని బలహీనతను మరియొకని నమ్మకము కప్పియుంచెను. ఆ కప్పుదల క్రింద ఒక కుటుంబము నలిగిపోయెను.

కేరీ ఈ సంగతిని మరువలేదు. కొన్ని కుటుంబములు ఒక్కచోట చేరి, ఉమ్మడి నిధితో, ఉమ్మడి భోజనముతో, నిర్ణయించుకొనిన నియమములతో జీవింపవలెనని అతడు మదనాబాటినుండియే ఇంగ్లండులోని తన మిత్రులకు వ్రాసెను. ఈ విషయములో మొరేవియను సహోదరుల సహవాసములు అతనికి మాదిరిగా నుండెను.

3. 1800 జనవరిలో వ్రాసుకొనిన నియమములు

1799 అక్టోబరులో మార్ష్‌మన్, వార్డ్, బ్రన్స్‌డన్, గ్రాంట్ అనువారు కుటుంబములతో బెంగాలు చేరిరి. ఈస్టిండియా కంపెనీవారు తమ సీమలో వారిని ఉండనియ్యనందున, హుగ్లీ నది ఒడ్డున డెన్మార్కు ప్రభుత్వమువారి అధీనములోనుండిన శ్రీరాంపూరులో దిగిరి. గ్రాంట్ మూడు వారములలోనే మరణించెను. 1800 జనవరి 10వ తేదీన కేరీ వచ్చి వారితో కలిసెను. చెప్పులు కుట్టి జీవించిన కేరీ, బడి నడిపిన జాషువా మార్ష్‌మన్, అచ్చుపని నేర్చిన విలియం వార్డ్ ఈ ముగ్గురును ఆ గృహమునకు మూలస్తంభములైరి. వీరితోబాటు హన్నా మార్ష్‌మన్ పేరు కూడ చెప్పవలసినదే. ఆమె నడిపిన బాలికల పాఠశాలయు, ఆమె గృహనిర్వహణయు లేనిదే ఆ ఉమ్మడి బల్ల నిలిచెడిది కాదు.

అందరును కలిసి ఒక వారము కాకమునుపే నియమములు ఏర్పరచుకొనిరి. జనవరి 18వ తేదీన వార్డ్ తన దినచర్యలో వాటిని వ్రాసియుంచెను. వాటి సారాంశమిది: ప్రసంగమును ప్రార్థనయు వంతులచొప్పున అందరును చేయవలెను. ఇంటి వ్యవహారములను ఒక్కొక్క నెల ఒక్కొక్కరు చూడవలెను. కేరీ కోశాధికారిగాను మందులపెట్టె బాధ్యుడుగాను, ఫౌంటెన్ అనువాడు గ్రంథాలయ బాధ్యుడుగాను ఉండవలెను. ఎవరును సొంత వ్యాపారము చేయరాదు, చేసినదంతయు మిషను మేలుకే చెందవలెను. ప్రతి శనివారము సాయంకాలము మనస్పర్థలను సరిచేసికొని, ఒకరినొకరు ప్రేమింతుమని మరల మాట ఇచ్చుకొనవలెను.

ఈ చివరి నియమము మిక్కిలి ఆలోచింపదగినది. మనస్పర్థలు వచ్చినయెడల కూడుకొందుమని వారు అనలేదు. అవి వచ్చునని ముందుగానే ఒప్పుకొని, వాటికై వారములో ఒక వేళను కేటాయించిరి. పలువురు ఒక ఇంటిలో కాపురముండి, ఒకే పొయ్యిమీద వండుకొని, ఒకే పెట్టెలోని సొమ్ము వాడుకొనునప్పుడు మాట పట్టింపులు రాకుండునా? తగవు వచ్చిన తరువాత మాటలాడుటకు సమయము వెదకువారికి ఆ సమయము దొరకదు. ఎవరు ముందు నోరు తెరువవలెనను అభిమానము అడ్డువచ్చును. శనివారము మాత్రము తనంతట తానే వచ్చును. ఎవరును ఎవరినీ పిలువనక్కరలేదు. గాయపడినవాడు ధైర్యము కూడగట్టుకొననక్కరలేదు. సోమవారము నొచ్చిన మనస్సు శనివారమువరకు ఓర్చుకొనగలదు. ఆ దినము దాటిన పిమ్మట లోపల దాచుకొనుటకు హక్కు లేదు. మరునాడు ప్రభువు దినము. కోపముండగా సూర్యుడు అస్తమింపరాదను హెచ్చరికను (ఎఫెసీయులకు 4:26), బలిపీఠమునకు పోవుటకు ముందు సహోదరునితో సమాధానపడవలెనను క్రీస్తు ఆజ్ఞను (మత్తయి 5:23, 24) ఒక కుటుంబము తన వారపు వాడుకగా మార్చుకొనిన విధమిది.

4. సొమ్మును పెద్దరికమును

శ్రీరాంపూరు గృహము బీదగా మొదలాయెను గాని బీదగా నిలువలేదు. 1801లో కేరీ కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బెంగాలీ భాష బోధించుటకు నియమింపబడెను. మొదట అతనికి నెలకు 500 రూపాయలు జీతము. తరువాత అది 1000 రూపాయలాయెను. మార్ష్‌మన్ దంపతుల పాఠశాలలకు మంచి రాబడి వచ్చెను. వార్డ్ ముద్రణాలయము అనేక భాషలలో పనిచేసెను. ఈ రాబడి అంతయు ఉమ్మడి నిధిలో చేరెను. ఒక్కొక్క కుటుంబమునకు అక్కర కొలది స్వల్పమైన భత్యము మాత్రమే ఇయ్యబడెను. కళాశాలకును గవర్నరు భవనమునకును పోవలసినవాడు గనుక, కేరీకి తగిన దుస్తులకై కొంచెము హెచ్చుగా ఇచ్చిరి.

ఇచ్చట రెండు సంగతులు చూడవలెను. మొదటిది, ఎక్కువ ఆర్జించినవాడు ఎక్కువ మాట చెల్లించుకొనలేదు. ఎవరి జీతము ఎంతయైనను బల్లవద్ద స్థానము ఒక్కటే. రెండవది, నెలవంతు ఏర్పాటువలన పెద్దరికము ఎవరి సొత్తును కాకుండెను. ఆరేండ్లు ముందుగా వచ్చి, భాష నేర్చి, కష్టములనుభవించిన కేరీయును, నిన్న ఓడ దిగినవారును ఒకే వంతులో నిలిచిరి. తన నెలలో ఇతరుల అలక్ష్యముచేత విసిగినవాడు మరుసటి నెలలో ఇతరుల కష్టము నెరుగును. ఆజ్ఞాపించువాడు ఎల్లప్పుడును ఒక్కడేయైనచో ఈ పాఠము ఎవరికిని అబ్బదు.

అపొస్తలుడైన పౌలు సహితము సొమ్ము విషయములో తన మంచితనమును నమ్ముకొమ్మని ఎవరిని కోరలేదు. యెరూషలేము బీదలకై కూర్చిన చందాను మోయుటకు సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు తీసికొనెను. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా నుండవలెనని దానికి కారణము చెప్పెను (2 కొరింథీయులకు 8:19–21). లెక్క చూపుట అనుమానమునకు గుర్తు కాదు. అది నమ్మకమునకు కంచె.

5. ఒకే బల్ల

1800 డిశంబరు 28వ తేదీన కృష్ణపాలు అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. అతని తరువాత వివిధ కులములవారు సహవాసములో చేరిరి. అప్పుడు ఒక కఠినమైన ప్రశ్న ఎదురాయెను. బల్లయొద్ద ఎవరు ముందు, ఎవరు వెనుక? పాత్ర ఒక్కటియా, రెండా? దక్షిణదేశములోని కొన్ని పాత సంఘములలో కులభేదమునకు చోటిచ్చిన సంగతి వారెరుగుదురు. శ్రీరాంపూరువారు మొదటి దినమునుండియే భేదము పాటింపరాదని నిశ్చయించిరి. బ్రాహ్మణుడైనను శూద్రుడైనను ఒకే పాత్రలో పాలుపొందిరి. 1803లో కృష్ణప్రసాదు అను బ్రాహ్మణ విశ్వాసి ఆ వడ్రంగి కుమార్తెను వివాహమాడెను. అదే సంవత్సరము గోకులు అను విశ్వాసి మరణించినప్పుడు అతని శవపేటికను ఎవరు మోయవలెనను ప్రశ్న వచ్చెను. మార్ష్‌మన్, కేరీ కుమారుడైన ఫెలిక్సు, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన ఒక విశ్వాసి, ముస్లిములలోనుండి వచ్చిన ఒక విశ్వాసి, ఈ నలుగురును దానిని భుజములమీద మోసిరి. వీధిలో చూచినవారికి ఏ ప్రసంగమును చెప్పలేని సంగతి ఆ దృశ్యము చెప్పెను.

మంచి కట్టుబాటును ఆరంభములోనే నాటుట సులభము. చెడ్డ వాడుక ముదిరిన తరువాత పెకలించుట కష్టము. అంతియొకయలో పేతురు భోజనపు బల్లనుండి వెనుకకు తీసినప్పుడు పౌలు అందరియెదుట ముఖాముఖిగా ఎదిరించుటకు కారణమిదే (గలతీయులకు 2:11–14). సణుగుడును, గుసగుసలును, ఉత్తరములును చేయలేని మేలు ఆ ముఖాముఖి మాట చేసెను.

6. 1805 నాటి ఒడంబడిక

అయిదేండ్ల అనుభవము తరువాత, 1805 అక్టోబరు 7వ తేదీన శ్రీరాంపూరు సహోదరులు తమ కట్టుబాట్లను ఒక ఒడంబడికగా వ్రాసి సంతకములు చేసిరి. దేశస్థుల తలంపులను వాడుకలను తెలిసికొనవలెనని, వారి మనస్సును నొప్పించు ప్రవర్తన మానుకొనవలెనని, ఏ వేళనైనను వారికి అందుబాటులో నుండవలెనని, దేశస్థుల సంఘములు తమలోనుండియే కాపరులను పరిచారకులను ఏర్పరచుకొనవలెనని, ఏ మిషనరీయు ఏదియు తనదని అనుకొనరాదని అందులో నిశ్చయించిరి. సంవత్సరమునకు మూడుమారులు, అనగా జనవరి, మే, అక్టోబరు నెలల మొదటి ఆదివారమున ప్రతి స్థలములోను దీనిని బహిరంగముగా చదువవలెనని కూడ ఏర్పాటు చేసిరి. వ్రాసిన నియమము పెట్టెలో నుండిన చెదలు పట్టును. చెవిని పడుచుండిన జీవించును.

ఈ సహవాసము ఫలమును తెలుగువారును అనుభవించిరి. విశాఖపట్టణములో లండను మిషనువారు తెలుగులోనికి త్రిప్పిన మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయమున అచ్చుపడెను. అదే సంవత్సరము మార్చి నెలలో అగ్ని ఆ ముద్రణాలయమును దహించెను. కరిగిన సీసమును ఏరి, అక్షరములను మరల పోతపోసి, ఆ కుటుంబము పని సాగించెను. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అచ్చటనే వెలువడెను. నేటికిని అనేకమంది తెలుగు కాపరులు వేదాంతవిద్యలో పొందు పట్టములపై శ్రీరాంపూరు పేరే కలదు.

7. కట్టుబాట్లకు వెలియైనవారు

అయినను సత్యమును సగము చెప్పరాదు. ఆ గృహములో ఒక గది యుండెను. అందులో డొరతీ కేరీ మతిచలించి జీవించెను. ఆమె మొదట ఇండియాకు వచ్చుట కిష్టపడలేదు. చివరి గడియలో ఒప్పుకొనెను. 1794లో అయిదేండ్ల కుమారుడైన పీటరు మదనాబాటిలో మరణించిన పిమ్మట ఆమె మనస్సు చెదరెను, 1807లో ఆమె మరణించువరకు కుదుటపడలేదు. పని ఒత్తిడిలో కేరీ కుమారులు అదుపు లేక పెరుగుచుండగా, హన్నా మార్ష్‌మన్, వార్డ్ వారిని చేరదీసి దిద్దిరి. ఆ చేరదీయుట ఆ సహవాసమునకు భూషణము. కాని ఒక స్త్రీ సమ్మతి పూర్తిగా లేకుండ ఆమె జీవితము అర్పణగా పెట్టబడినదను సంగతిని ఆ భూషణము కప్పివేయలేదు. సర్వమును అర్పించితిమని చెప్పుకొను ప్రతి గుంపు అడిగికొనవలసిన ప్రశ్నయిది: అర్పించినది ఎవరు, దాని వెల చెల్లించుచున్నది ఎవరు? పొలము అమ్మకమునుపు అది నీదే గదా అని పేతురు అననీయతో చెప్పిన మాటలో ఒక గొప్ప కట్టుబాటు కలదు (అపొస్తలుల కార్యములు 5:4). బలవంతపు త్యాగము త్యాగము కాదు.

మరియొక లోపము కూడ కలదు. 1805 నాటి ఒడంబడికలో సంతకములు చేసినవారు తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందిలో బెంగాలీ విశ్వాసి ఒక్కడును లేడు. కృష్ణపాలు బల్లయొద్ద సమానుడే, కాని కట్టుబాట్లు వ్రాయు చోట అతనికి స్థానము లేకపోయెను. యెరూషలేములో పంపకము గ్రీకు యూదుల చేతికే అప్పగించిన అపొస్తలుల అడుగుజాడ ఇచ్చట అందుకొనబడలేదు.

8. తరువాతి తరమునకు అందని వాడుక

శ్రీరాంపూరు గృహమునకు వచ్చిన పెద్ద దెబ్బ అగ్నివలన కాదు, కంపెనీవలన కాదు, లోపలినుండియే వచ్చెను. ఇంగ్లండులోని బాప్టిస్టు మిషనరీ సొసైటీకిని శ్రీరాంపూరువారికిని గల సంబంధము చాలవరకు ఆండ్రూ ఫుల్లరు స్నేహముపై ఆనుకొని యుండెను. ఇరువైపులను నమ్మకముండెను గనుక, ఆస్తి ఎవరి అధీనము, అధికారము ఎంతవరకు అను సంగతులు తేటగా నిర్ణయింపబడలేదు. 1815లో ఫుల్లరు మరణించెను. కమిటీలో క్రొత్తవారు చేరిరి. సొసైటీ పేరున పనిచేయువారి ఆస్తిపై సొసైటీకి అధికారము ఉండవలెనని వారు తలంచిరి. తమ చెమటతో ఆర్జించి దేవుని పనికి విడిచిపెట్టినదానిపై దూరదేశమునుండి ఆజ్ఞలు వచ్చుట తగదని శ్రీరాంపూరు పెద్దలు తలంచిరి. ఇరువురి మాటలోను న్యాయముండెను.

అదే కాలములో ఇంగ్లండునుండి వచ్చిన యౌవన మిషనరీలు, వారిలో కేరీ అన్నదమ్ముల బిడ్డయైన యూస్టేసు కేరీ ఒకడు, ఆ ఉమ్మడి జీవితములో ఇమడలేకపోయిరి. పెద్దలకు ఆ నియమములు తాము కూర్చుండి, ప్రార్థించి, ఏర్పరచుకొనినవి. పిన్నలకు అవి ముందే సిద్ధముచేసి నెత్తిన పెట్టబడినవి. మార్ష్‌మన్ పట్టుదల, అతని మాటతీరు వారికి భారముగా తోచెను. 1817 ప్రాంతమున వారు విడిపోయి కలకత్తాలో వేరుగా పనిచేయసాగిరి. శ్రీరాంపూరువారు ధనవంతులై వైభవముగా బ్రదుకుచున్నారను మాటలు ఉత్తరములద్వారా ఇంగ్లండు చేరెను. ఓడపై ఉత్తరము చేరుటకు నెలలు పట్టును. జవాబు వచ్చుటకు మరికొన్ని నెలలు. ఒకే నది ఒడ్డున, కొద్ది మైళ్ల దూరములో నున్నవారి తగవు సముద్రము దాటి పోయి తిరిగివచ్చెను. శనివారపు సాయంకాలము చేయవలసిన పనిని ఉత్తరములు చేయబూనెను. చిలికి చిలికి గాలివాన ఆయెను.

1823లో వార్డ్ మరణించెను. 1827లో శ్రీరాంపూరువారును సొసైటీయును పూర్తిగా విడిపోయిరి. మార్ష్‌మన్‌లోని లోపములను కేరీ ఎరుగనివాడు కాడు, అయినను నిందల కాలములో తోటివానిని విడువలేదు. 1834లో కేరీ కన్నుమూసెను. 1837లో ఇరుపక్షములవారు మరల ఏకమగుటకు ఒప్పుకొనిరి. అదే సంవత్సరము ఆ ముగ్గురిలో చివరివాడైన మార్ష్‌మన్ మరణించెను. మార్కు విషయమై పౌలు బర్నబాలు వేరుపడినట్లును, పిమ్మట ఆ మార్కే పౌలునకు ప్రయోజనకరుడైనట్లును (అపొస్తలుల కార్యములు 15:37–39, 2 తిమోతికి 4:11), ఇచ్చటను సమాధానము కలిగెను. కాని అది ఆలస్యముగా వచ్చినందున, ఇద్దరు పెద్దలు దానిని చూడకయే మరణించిరి.

9. నేటి సంఘమునకు

ఈ చరిత్ర మిషనరీలకు మాత్రమే చెందినది కాదు. గ్రామములోని చిన్న సంఘమైనను, బ్రదుకుతెరువుకై ఇతర రాష్ట్రములకు పోయినవారు అద్దె గదిలో ప్రారంభించిన తెలుగు ఆరాధనయైనను, స్త్రీల సమాజమైనను, యౌవనస్థుల సువార్త బృందమైనను, రోగులను చూచుటకై కూడిన పదిమంది స్నేహితులైనను, అందరికిని ఇదే అపాయము, ఇదే ఔషధము.

మొదటిది, మనస్పర్థలను చెప్పుకొనుటకు ముందుగా నిర్ణయించిన వేళ యొకటి ఉండవలెను. నెలకొకసారియైనను, కార్యక్రమముల లెక్క గాక, ఒకరితో ఒకరికి గల సంగతులనే మాటలాడు కూటము కావలెను. లేని సహోదరునిగూర్చిన ఫిర్యాదు ఎవరైన తెచ్చినయెడల, అతనితో మాటలాడితివా అను ఒక్క ప్రశ్న అడుగుట అందరికిని వాడుక కావలెను. అయితే బలవంతుడు బలహీనునిపై చేసిన అన్యాయమును, సొమ్ము అపహరణను, స్త్రీలకు పిల్లలకు జరిగిన హానిని ఏకాంతములో సరిపెట్టుకొమ్మని ఈ నియమము చెప్పుటలేదు. ఒంటరిగా పరిష్కారము కానిదానిని సాక్షులయెదుటికి, సంఘమునెదుటికి తేవలెననియే క్రీస్తు బోధించెను. దేశ చట్టమునకు చెందిన నేరమును సంఘము దాచరాదు.

రెండవది, సొమ్ము ఎప్పుడును ఒక్క చేతిలో నుండరాదు. కానుకలను ఇద్దరు లెక్కించుట, రసీదు ఇచ్చుట, లెక్క చదివి వినిపించుట భక్తిలో భాగములే. మూడవది, బాధ్యతలు వంతులచొప్పున మారవలెను. ఇరువది యేండ్లుగా ఒక్కడే కార్యదర్శిగా నున్న సమాజములో అతడెంత మంచివాడైనను తరువాతివాడు తయారుకాడు. నాలుగవది, అలసినవాడు అలసితినని చెప్పుటకు, కాదనదలచినవాడు కాదనుటకు సిగ్గుపడని వాతావరణము కావలెను.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. క్రొత్తగా వచ్చినవారికి నియమములను అందించుటతో సరిపెట్టక, అవి ఎందుకు పుట్టెనో చెప్పవలెను. వాటిని మార్చుటలో వారికి పాలు ఇయ్యవలెను. తండ్రులు ప్రార్థించి పొందిన నియమము బిడ్డలకు ఆజ్ఞగా మాత్రమే అందినయెడల బిడ్డలు దానిని మోయరు. శ్రీరాంపూరులో శనివారపు సాయంకాలము పెద్దల నడుమ కడవరకు ఫలించెను. పిన్నలకు పెద్దలకు నడుమ మాత్రము అది వాడుకగా నాటుకొనలేదు. అగ్ని కాల్చిన అక్షరములను మరల పోతపోయగలిగిన ఆ చేతులకు, చెదరిన నమ్మకమును మరల పోతపోయుటకు ఇరువది యేండ్లు పట్టెను.

ప్రేమించువారికి కట్టుబాట్లు ఎందుకని ఎవరైన అడిగినయెడల జవాబు ఇదియే: ప్రేమించువారికే అవి కావలెను. ప్రేమ లేనివారు తేలికగా విడిపోవుదురు. కలిసియుండగోరువారికే కలిసియుండు మార్గము కావలెను.

ఆలోచించి చర్చించుటకు

1. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఫిర్యాదు విన్న అపొస్తలులు చేయనివి ఏవి, చేసినవి ఏవి? స్థానిక సంఘములో ఫిర్యాదు వచ్చినప్పుడు సాధారణముగా ఏమి జరుగుచున్నది?

2. సంఘములో ఎవరి అక్కరలు పంపకములో మరుగునపడు అవకాశము ఎక్కువ? వారి పక్షమునుండి నిర్ణయములలో పాల్గొనువారు ఎవరైన కలరా?

3. ఒక కుటుంబములోగాని సమాజములోగాని “శనివారపు సాయంకాలము” వంటి ఏర్పాటు చేయుటకు అడ్డంకులు ఏవి?

4. డొరతీ కేరీ జీవితమునుబట్టి, సేవలోనున్న కుటుంబములయెడల సంఘమునకు గల బాధ్యత ఏమి?

5. పెద్దలు ఏర్పరచిన ఏ నియమము నేటి యౌవనస్థులకు భారముగా నున్నది? అది పుట్టిన కారణమును వారికి ఎవరైన చెప్పియున్నారా? వారి మాట ఎవరైన వినియున్నారా?